సూపర్ మామా అని లేచి వెళ్లకండి

హాస్టల్ గదిలో రెండు మంచాలు దగ్గరికి లాగి పదిమంది కూర్చుంటారు. ల్యాప్‌టాప్‌కి బ్లూటూత్ స్పీకర్ తగిలించి, స్నేహితుడు తీసిన షార్ట్ ఫిలిం వేస్తారు. మీరంతా తెర చూస్తుంటే తీసినవాడు మీ మొహాలు చూస్తుంటాడు. ఎవరు నవ్వారు, ఎవరు ఫోన్ తీశారు, ఎవరు పక్కవాడి చెవిలో ఏమన్నారు, అన్నీ వాడికి కనపడుతూనే ఉంటాయి. పేర్లు పడటం మొదలవగానే ఈలలు, చప్పట్లు. ‘సూపర్ మామా!’ ‘మస్తు తీసినవ్ రా!’ ‘కెమెరా కేక!’ ఆ వెంటనే అందరూ లేచి మెస్‌కి వెళ్లిపోతారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను మాట్లాడదలచుకున్నది ఆ లేచి వెళ్లిపోవడం గురించే. పండగ సెలవులు వదులుకుని, ఇంట్లో ఇచ్చిన ఖర్చుల డబ్బులో మిగిల్చుకుని, పెట్రోలు దగ్గర్నుంచి బిర్యానీ పొట్లాల దాకా తనే పెట్టుకుని సినిమా తీసిన మనిషికి మీరు ఆ రాత్రి ఏమీ ఇవ్వలేదు. మెచ్చుకున్నాం కదా అంటారు. ఆ మెప్పులో వాడి సినిమా ఎక్కడుంది? అదే మాట నిన్న ఇంకొకడి సినిమాకూ అన్నారు, మొన్న మ్యాచ్‌లో సిక్సర్‌కూ అన్నారు. పొద్దున్నే ఎడిటింగ్‌కి కూర్చున్నప్పుడు ఏ షాట్ ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న ప్రశ్నకు మీ ఈలల్లో జవాబు దొరకదు.

ఇంకో రకం వాళ్లున్నారు. ‘ల్యాగ్ రా బాబూ’ అని ఆవలిస్తారు, ‘వేస్ట్’ అని కొట్టిపారేస్తారు, తాము ఉన్నమాట మొహం మీదే చెప్పామని మురిసిపోతారు. ఏ నిమిషంలో విసుగొచ్చిందో అడిగితే చెప్పలేరు. పొగిడి లేచిపోయినవాడూ, తిట్టి లేచిపోయినవాడూ చేసింది ఒకటే. సినిమా చూడటానికి పడాల్సిన శ్రమ ఇద్దరూ పడలేదు.

ఇవాళ మన దగ్గర సినిమా తీసేవాళ్లకు కొదవ లేదు. కెమెరా జేబులోనే ఉంది, ఎడిటింగ్ ఫోన్‌లోనే అయిపోతుంది, విడుదల చేయడానికి యూట్యూబ్ ఉంది. శ్రద్ధగా చూసి, తమకు ఏమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్పగలవాళ్లే తక్కువ. ఆ లోటు తీర్చగలిగేది మీరు. జీవితంలో ఒక్క షాట్ కూడా తీయనివాళ్లు సైతం ఇది నేర్చుకోవచ్చు, నేర్చుకుని తీరాలి.

ఎలా చెప్పాలో ఒక సినిమా దగ్గర పెట్టుకుని చూద్దాం. జగిత్యాల వైపు పల్లెలో తీసిన పదకొండు నిమిషాల సినిమా అనుకోండి. కొడుకు సౌదీలో ఉంటాడు, తల్లి వాడి ఫోన్ కోసం ఎదురుచూస్తుంది. మూడో నిమిషం నుంచి ఏడో నిమిషం దాకా ఆమె అరుగు మీదే ఉంటుంది. చింతపండులో గింజలు తీస్తుంది. ఫోన్ ఛార్జింగ్‌కి పెడుతుంది, తీస్తుంది, మళ్లీ పెడుతుంది. బియ్యం మీదికొచ్చిన కోడిని అదిలిస్తుంది. ఆఖరికి ఫోన్ మోగుతుంది. కొడుకు మొహం తెర మీద ఆగి ఆగి వస్తుంది. ‘తిన్నవా బిడ్డా’ అని ఆమె అడిగేలోగా లైన్ తెగిపోతుంది. సినిమా అంతే.

చూసిన పదిమందిలో తొమ్మిదిమంది అంటారు: మధ్యలో ల్యాగ్ ఉంది, ఆ నాలుగు నిమిషాల్ని ఒక్క నిమిషానికి కొట్టెయ్. పాపం, వాడు ఆ మాట పట్టుకుని కొట్టేస్తే ఎదురుచూపు గురించి తీసిన సినిమాలో ఎదురుచూపే మిగలదు. అప్పుడు మూలన కూర్చున్న ఒక అమ్మాయి ఇలా అందనుకోండి: “అన్నా, నాలుగో నిమిషం కాడ నా మనసు పక్కకు పోయింది. ఆమె ఫోన్ కోసం చూస్తున్నదని నాకు ఆరో నిమిషంల సమజైంది. అప్పటిదాంక ఏదో పని చేసుకుంటున్నదే అనుకున్న.”

తీసినవాడికి ఈ ఒక్క మాటతో దారి దొరుకుతుంది. కొడుకు ఫోన్ చేసేది శుక్రవారమే, అక్కడ సెలవు ఆ రోజే, ఇవాళ శుక్రవారం. ఇదంతా వాడికి తెలుసు. స్క్రిప్టులో రాసుకున్నాడు కూడా. షూటింగ్ హడావుడిలో అది తెర మీదికి రాలేదు. రాలేదన్న సంగతి వాడికి ఎప్పటికీ కనపడదు, ఎందుకంటే వాడు సినిమా చూసిన ప్రతిసారీ ఆ ఖాళీని వాడి బుర్ర తనంతట తానే పూరించుకుంటుంది. ఇప్పుడు మొదటి నిమిషంలో పక్కింటావిడ గోడ మీదుగా ‘ఇయ్యాల శుక్కురారం గదనే, ఫోన్ జేసిండా నీ కొడుకు?’ అని అడిగితే చాలు. ఆ నాలుగు నిమిషాల్లో ఒక్క ఫ్రేము కూడా కొయ్యనక్కర్లేదు. ఆమె ఛార్జర్ పీకిన ప్రతిసారీ చూసేవాళ్లు ఊపిరి బిగబట్టుకుంటారు. పక్కింటావిడ మాటకు కొత్త షూటింగ్ కూడా అక్కర్లేదు, మనిషిని చూపించకుండా గొంతు ఒక్కటి డబ్బింగ్ చెప్పించినా సరిపోతుంది.

‘అపోకలిప్స్ నౌ’ లాంటి సినిమాలకు పనిచేసిన ఎడిటర్ వాల్టర్ మర్చ్ తన ‘ఇన్ ద బ్లింక్ ఆఫ్ ఏన్ ఐ’ పుస్తకంలో సరిగ్గా ఈ సంగతే చెబుతారు. మోచెయ్యి నొప్పి అని వచ్చినవాడికి ఒక్కోసారి నరం నొక్కుకుపోయింది భుజం దగ్గర అయ్యుంటుంది. మోచేతికి కత్తి పెడితే నొప్పి పోదు. ప్రేక్షకుడు చూపించేది మోచెయ్యే. అసలు బాధ ఎక్కడ పుట్టిందో వెతుక్కోవాల్సింది సినిమా తీసినవాళ్లు. కాబట్టి చూసేవాళ్లకు నా మొదటి మనవి ఇది: నొప్పి చెప్పండి, ఆపరేషన్ చెప్పకండి. ఎక్కడ మనసు తప్పుకుంది, ఎక్కడ గొంతు పట్టుకుంది, ఎవరు ఎవరో ఎక్కడ తెలియలేదు, ఏ నవ్వు నవ్వాలనుకోకుండానే వచ్చేసింది, ఇవన్నీ మీవి. ఇవి మీకు తప్ప ఇంకెవరికీ తెలియవు. నిమిషం, సెకను రాసుకుని మరీ చెప్పండి. ‘3:40 దగ్గర’ అన్న మాట, ‘మధ్యలో ఎక్కడో’ అన్న మాటకంటే వందరెట్లు పనికొస్తుంది.

కట్ ఎక్కడ చేయాలో నిర్ణయించుకోవడానికి మర్చ్ ఆరు కొలమానాలు పెట్టుకుని, వాటికి నూటికి ఇన్ని అని మార్కులు కూడా వేశారు. అందులో భావానికి 51, కథకు 23, లయకు 10. తెర మీద దిక్కులు, గదిలో ఎవరు ఎక్కడున్నారన్న పొందిక రెండూ కలిపినా 9కి మించవు. మన దగ్గర కొత్తగా నాలుగు వీడియోలు చూసి వచ్చినవాళ్లు మొట్టమొదట అనే మాట ఏమిటి? ‘నూట ఎనభై డిగ్రీల గీత దాటావు బ్రో.’ అంటే కెమెరా అవతలి వైపుకు మారి, తెర మీద మనుషుల దిక్కులు తారుమారయ్యాయని. దాటితే చెప్పాల్సిందే. అయితే ఆ తల్లి మొహం చూసి మీకేమనిపించిందో చెప్పాక చెప్పండి.

సాంకేతిక విషయాల్లో ఒక్కదాని మీద మాత్రం మొహమాటం అసలు పనికిరాదు. శబ్దం. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు. మాట వినపడకపోతే ఎవరూ సర్దుకోరు. మన విద్యార్థుల సినిమాల్లో ఫ్యాన్ చప్పుడు హీరోయిన్ గుసగుసను మింగేస్తుంది, రోడ్డు మీద తీసిన సీన్లో షాట్ మారినప్పుడల్లా ట్రాఫిక్ హోరు తెగి అతుక్కుంటుంది. తీసినవాళ్లకు డైలాగులు కంఠతా వచ్చు కనుక అన్నీ వినపడ్డట్టే ఉంటాయి. మొదటిసారి వింటున్న మీరే ఆ సినిమాకు అసలైన చెవి. ఏ మాట వినపడలేదో, ఏది తప్పుగా వినపడిందో చెప్పండి. ఈసారి షూటింగ్‌లో ఫ్యాన్ ఆపమనండి, రెండో ఫోన్‌ని నటుడి దగ్గర దాచి రికార్డు చేయమనండి, అందరూ నోరు మూసుకుని నిలబడి ఆ చోటి నిశ్శబ్దాన్ని ఒక నిమిషం పట్టుకోమనండి. ఎడిటింగ్‌లో అతుకులు కప్పేది ఆ నిమిషమే. ఇక పెద్ద సినిమా బీజీఎం తెచ్చి తల్లి కన్నీళ్ల మీద వేస్తే, ఆ ఏడుపు ఆ సంగీతానిదే అవుతుంది. ఆ పాట తీసేసి ఒక్కసారి వేయమని అడగండి. సీను నిలబడితే నిలబడుతుంది, లేకపోతే అది నిలబడలేదని ఆ రాత్రే తెలుస్తుంది.

ఎప్పుడు చెప్పాలన్నది కూడా తెలియాలి. యూట్యూబ్‌లో పెట్టేసి, లింకు అన్ని గ్రూపుల్లో తిప్పేశాక తప్పులు ఏరితే అది సాయం అనిపించుకోదు. కథ కాగితం మీద ఉన్నప్పుడు ప్రశ్నలు అడగండి. రఫ్ కట్, అంటే తొలి కూర్పు, అప్పుడు లయ గురించి, అర్థం కాని చోట్ల గురించి మాట్లాడండి. అంతా అయిపోయాక శబ్దం హెచ్చుతగ్గులు, పేర్లలో అక్షరదోషాలు, ఇంతే. సినిమా తీసేవాళ్లు కూడా అందుకే రఫ్ కట్ చూపించాలి. అన్ని హంగులూ అయ్యాకే చూపిస్తానని దాచుకునేది అభిప్రాయం కోసం కాదు, చప్పట్ల కోసం.

చూడటం నేర్చుకోవడం, సగంలో ఉన్న సినిమాను చూపించడం ఎలా ఉంటాయో ఒక ఉదాహరణ చెబుతాను. 1947లో కలకత్తాలో సత్యజిత్ రే, చిదానంద దాస్‌గుప్తా, ఇంకొందరు మిత్రులు కలిసి ఫిలిం సొసైటీ పెట్టారు. రే అప్పటికి ఒక ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగి. సినిమాలు తెప్పించుకుని చూడటం, చూసినదాని గురించి వాదించుకోవడం, రాయడం, ఇదీ వాళ్ల పని. రే తొలి సినిమా ‘పథేర్ పాంచాలి’ విడుదలయింది 1955లో. సినిమా తీయడానికి ముందు అన్నేళ్లు చూడటం నేర్చుకున్న మనిషి ఆయన.

ఆ సినిమా ఇంకా పూర్తి కాకముందే అమెరికన్ దర్శకుడు జాన్ హస్టన్ కలకత్తా వచ్చారు. అప్పటిదాకా కూర్చిన కొంత భాగాన్ని, మాటా సంగీతమూ లేకుండానే, రే ఆయనకు వేసి చూపించారు. ఆలోచించండి, అప్పటికి ఒక్క సినిమా కూడా విడుదల కాని మనిషి, పెద్ద పేరున్న దర్శకుడికి సగం ఉడికిన రీళ్లు చూపించడమంటే ఎంత గుండె కావాలి! హస్టన్ మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఊరుకోలేదు. పాత్రల తిరుగుళ్లు మరీ ఎక్కువ చూపించొద్దనీ, ఏదైనా జరగడానికి చాలాసేపు కాచుకోవాల్సి వస్తే జనం అసహనపడతారనీ హెచ్చరించారు. అక్కడితోనూ ఆగలేదు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ వాళ్లకు ఈ సినిమా గురించి గట్టిగా మంచిమాట చెప్పారు. 1955 మే నెలలో ‘పథేర్ పాంచాలి’ మొదటి ప్రదర్శన జరిగింది ఆ మ్యూజియంలోనే. చెప్పాల్సిన లోపం మనిషికి ఎదురుగా చెప్పారు, మెప్పు మాత్రం అవసరమైన చోటికి వెళ్లి చెప్పారు. మనలో ఎక్కువమంది దీన్ని తలకిందులు చేస్తాం.

మరి రే ఏం చేశారు? మాట విన్నారు. తిరుగుళ్లు ఎంత ఉండాలో మాత్రం తనే తేల్చుకున్నారు. అపు, దుర్గ అనే పిల్లలిద్దరూ రెల్లుపూల మధ్య తిరుగుతూ రైలును చూసే ఘట్టం ఆ సినిమాలో ఉంది. చూసినవాళ్లు దాన్ని మరిచిపోలేదు.

సినిమా తీసే పిల్లలకు ఇక్కడే ఒక మాట. నీ సినిమా నడుస్తుంటే వెనక వరసలో కూర్చో. నోరు విప్పకు. ‘ఆ రోజు లైటు పోయింది’, ‘ఆ అమ్మాయి రెండో రోజు రాలేదు’ అని సంజాయిషీలు చెప్పకు. నువ్వు రేపు ప్రతి ప్రేక్షకుడి పక్కనా కూర్చుని చెప్పలేవు. ఎవరు ఏమన్నా రాసుకో. ఒకరికొకరు సంబంధం లేకుండా ముగ్గురు ఒకే నిమిషం దగ్గర తడబడ్డారంటే అక్కడ ఏదో ఉంది, నీకెంత ఇష్టమైన షాటైనా సరే వెతుకు. అలాగని ప్రతి సలహాకూ తల ఊపకు. అమెరికాలో యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్ వాళ్లు ‘టాయ్ స్టోరీ’ తీస్తున్నప్పుడు, పెట్టుబడి పెట్టిన డిస్నీ పెద్దలు ఇంకా పదును కావాలి, ఇంకా పదును కావాలి అంటూ వచ్చారు. వీళ్లు మారుస్తూ పోయారు. 1993 నవంబరులో స్కెచ్‌లతో కూర్చిన రీలు వేసి చూస్తే, వుడీ అనే కౌబాయ్ బొమ్మ ఎవరూ ఇష్టపడలేనంత దుర్మార్గుడై కూర్చున్నాడు. డిస్నీ పని ఆపించేసింది. అప్పుడు కథను తిరిగి తమ చేతుల్లోకి తీసుకుని, తాము మొదట తీయాలనుకున్న సినిమా ఏమిటో గుర్తు తెచ్చుకుని తిరగరాశారు. 1995లో విడుదలైన సినిమా అదే. తరవాతి కాలంలో ఆ సంస్థలో తోటి దర్శకులూ రచయితలూ కూర్చుని ఒకరి సినిమాను ఒకరు నిర్మొహమాటంగా విప్పి చూసే పద్ధతి స్థిరపడింది. దాని పేరు బ్రెయిన్ ట్రస్ట్. అక్కడ ఎంత పెద్దవాళ్లు చెప్పినా అది ఆజ్ఞ కాదని, పాటించాలా వద్దా అన్నది దర్శకుడి ఇష్టమని పిక్సార్ స్థాపకుల్లో ఒకరైన ఎడ్ క్యాట్‌ముల్ తన పుస్తకంలో స్పష్టంగా రాశారు. అంత అనుభవం ఉన్నవాళ్లకే ఆ నియమం అవసరమైంది. మీ క్లాసులో సీనియర్ అన్న మాట కూడా శాసనం కాకూడదు.

మాట్లాడుకోవడానికి ఒక వరస కావాలనుకుంటే లిజ్ లెర్మన్ అనే అమెరికన్ నృత్యదర్శకురాలు 1990లో రూపొందించిన పద్ధతి ఉంది. నాట్యం కోసం పుట్టినా సినిమాకు చక్కగా ఒదుగుతుంది. ముందు చూసినవాళ్లంతా తమ మనసులో నిలిచిపోయినది చెబుతారు. తరవాత తీసినవాళ్లు తమకు ఎక్కడ అనుమానముందో అక్కడ ప్రశ్నలు అడుగుతారు. ఆ తరవాత చూసినవాళ్లు అడుగుతారు, కానీ ప్రశ్నలో తీర్పు ఉండకూడదు. అన్నింటికంటే కష్టమైన మెట్టు ఇదే. ‘ఆ గది అంత చీకటిగా ఎందుకు పెట్టావ్?’ అన్నది ప్రశ్నలా కనపడే తిట్టు. ‘ఆ సీన్‌కి వెలుతురు ఎలా ఉండాలనుకున్నావ్?’ అని అడిగి చూడండి. వాడు ఆలోచనలో పడతాడు. ఆ ఆలోచనలోనే సగం మరమ్మతు జరిగిపోతుంది. చివరగా, ‘నాకొక అభిప్రాయముంది, చెప్పనా?’ అని అడిగి, సరేనంటేనే చెప్పాలి. వద్దు అనే హక్కు తీసినవాళ్లకు ఉంటుంది. పది నిమిషాల సినిమాకు గంట పడుతుంది ఇదంతా. పట్టనివ్వండి.

ఇంకొకటి చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. షాట్ల గురించి ఎంతైనా మాట్లాడతారు, తెర మీది మనుషుల గురించి మాట్లాడాల్సి వచ్చేసరికి వెనకాడతారు. అమ్మాయికి సినిమా మొత్తంలో హీరోని ప్రేమించడం, మోసం చేయడం తప్ప వేరే పని లేకపోతే అడగండి, ఆ పిల్ల చదువేమిటి, ఇల్లెక్కడ, ఆమెకేం కావాలి అని. నల్లగా ఉన్నవాడి మీదా, లావుగా ఉన్నవాడి మీదా, యాస మాట్లాడేవాడి మీదా జోకులేస్తే మీకు నవ్వు రాలేదని చెప్పండి. నలుగురూ నవ్వినా సరే, నాకు రాలేదని చెప్పండి. మన పెద్ద సినిమాలు తెలంగాణ యాసను రౌడీకీ, నవ్వులాటకూ, శ్రీకాకుళం యాసను పనివాళ్లకూ చాలాకాలం కేటాయించాయి. ఆ జబ్బు మీ కెమెరాలోకి రాకుండా ఆపగలిగేది మీ పక్కన కూర్చుని చూసే స్నేహితులే. అమ్మాయి సినిమా తీస్తే సినిమా వదిలేసి ఆమె బట్టల గురించో, ఎవరు సాయం చేశారన్నదాని గురించో వాగే వాడుంటే, ఆ గదిలోనే, అప్పుడే వాడి నోరు మూయించండి. తరవాత ఆమెతో చాటుగా ‘పట్టించుకోకు’ అనడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు.

ఇలా కలిసి చూసి మాట్లాడుకుంటే ఏమొస్తుందో తెలియాలంటే పక్కనే ఉన్న తమిళనాడు చూడండి. 2009 ప్రాంతంలో కలైంజ్ఞర్ టీవీలో ‘నాళైయ ఇయక్కునర్’ అనే కార్యక్రమం మొదలైంది. పేరుకు పోటీయే, కానీ కుర్రాళ్లు తీసిన షార్ట్ ఫిలింలు వేసి, సినిమా తెలిసిన పెద్దలు వాటి బాగోగులు అందరి ముందూ చెప్పేవారు. కార్తిక్ సుబ్బరాజ్, నలన్ కుమారస్వామి, బాలాజీ మోహన్ అందులోంచే వచ్చారు. బాలాజీ మోహన్ షార్ట్ ఫిలిం పెరిగి పెద్దదై 2012లో మనకు ‘లవ్ ఫెయిల్యూర్’ పేరుతో వచ్చింది. మన తరుణ్ భాస్కర్ షార్ట్ ఫిలింల నుంచి వచ్చి 2016లో ‘పెళ్లిచూపులు’ తీస్తే జాతీయ అవార్డు వచ్చింది. మనకు సత్తా లేదని ఎవరూ అనలేరు. అలాంటి ఒక కార్యక్రమం కోసం ఏ ఛానెలో పిలుస్తుందని ఎందుకు కాచుకోవాలి? వరంగల్‌లో, అనంతపురంలో, విశాఖలో, తిరుపతిలో, మీరు చదివే ఏ చిన్న డిగ్రీ కాలేజీలోనైనా సాయంత్రం ఖాళీగా ఉండే క్లాసురూము ఒకటి ఉంటుంది. ప్రొజెక్టర్ ఉంటే మంచిదే. లేకపోతే తెల్లగోడ, అడిగి తెచ్చుకున్న టీవీ, అదీ లేకపోతే ల్యాప్‌టాప్. ఎవరి అనుమతి కావాలో వాళ్లను గౌరవంగా అడగండి.

ఈ శనివారమే మొదలుపెట్టండి. వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో ఒక కాగితం, పెన్ను ఉండాలి. ఫోన్లు టేబుల్ మీద, బోర్లా. సినిమా రెండుసార్లు వేయండి, మొదటిసారి ఎవరూ రాయకూడదు, ఊరికే చూడాలి. రెండోసారి నిమిషాలు వేసుకుంటూ రాయాలి. ఎవరి సినిమా ముందు వేయాలని తగవు వస్తే, ఫస్టియర్‌లో చేరి, ఇంకా ఎవరికీ చూపించకుండా ఫోన్‌లో దాచుకున్న పిల్ల ఎవరో కనుక్కుని ఆమెను అడగండి.